లేనివాడి పేరు, ఉన్నవాడి ప్రాణం

గూఢచారి కథలంటే మన విమర్శకులకు మొదటినుంచీ చిన్నచూపు. అది పూర్తిగా అన్యాయమని నేననను. ఆ కథల్లో చాలా భాగం పాఠకుడి ఆలోచనను జోకొట్టి నరాలను మాత్రం మేలుకొలిపే సరుకే. వాటిలో శత్రువు ఎప్పుడూ పరదేశి; న్యాయం ఎప్పుడూ స్వదేశ ప్రభుత్వం పక్షానే ఉంటుంది. ఒళ్లు వంచి బతికేవాడు కనిపిస్తే హోటలు నౌకరుగానో, టాక్సీ తోలేవాడుగానో ఒక్క నిమిషం కనిపించి మాయమవుతాడు. ఇదంతా తెలిసి కూడా 1959లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన "నార్త్ బై నార్త్‌వెస్ట్" అనే అమెరికన్ చిత్రాన్ని గురించి ఈ పత్రికలో రాయబూనినందుకు నేను కారణం చెప్పుకోవాలి.

ఈ చిత్రం వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. అది ఏ ప్రచ్ఛన్న యుద్ధంలో పుట్టిందో ఆ యుద్ధం 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ముగిసింది. కథానాయకుడు దొంగతనంగా ఎక్కిన ట్వెంటియత్ సెంచరీ లిమిటెడ్ అనే రైలు 1967లోనే ఆగిపోయింది. అతని కష్టాలన్నిటికీ మూలమైన టెలిగ్రాము సంగతి చెప్పనే అక్కర్లేదు. మన దేశంలో 2013లో తంతి సేవే నిలిచిపోయింది. అయినా కథ పాతబడలేదు. తాతల కాలపు దుస్తులనూ కార్లనూ చూసి నవ్వే మా కాలేజి విద్యార్థులు కూడా పది నిమిషాలు గడిచేసరికి నవ్వడం మాని ముందుకు వంగి చూడడం నేనెరుగుదును.

దర్శకుడు గొప్పవాడు కనక అనేది సమాధానం కాదు. గొప్పగా తీసిన చిత్రాలు ఎన్నో మరుగున పడిపోయాయి. నా ఉద్దేశంలో ఈ చిత్రం ఒక ధర్మసందేహాన్ని పొట్లం కట్టి, పైన నవ్వుల కాగితం చుట్టి మన చేతికిస్తుంది. జరుగుతున్నది పొరపాటని తెలిసినవాడు నోరు విప్పకపోవడంవల్ల నిర్దోషి ప్రాణం పోతే, ఆ మౌనాన్ని ఏమనాలి? "దేశం కోసం" అన్నంత మాత్రాన అది ధర్మమవుతుందా? "ఆశయం కోసం" అంటే అవుతుందా? మొదటి ప్రశ్న అమెరికన్లది. రెండోది మనది. అందుకే ఈ వ్యాసం.

1

కథ చూడనివారి కోసం నాలుగు మాటలు. రోజర్ థార్న్‌హిల్ న్యూయార్కులో ప్రకటనల వ్యాపారం చేసే పెద్దమనిషి. మాటకారి, రెండుసార్లు పెళ్లి పెటాకులైనవాడు, తల్లిచాటు బిడ్డ. ప్లాజా హోటల్లో కూర్చుని ఉండగా తల్లికి టెలిగ్రాము పంపాలని గుర్తొచ్చి, హోటలు కుర్రవాణ్ణి పిలవడానికి చెయ్యి ఊపుతాడు. సరిగ్గా అదే క్షణంలో ఆ కుర్రవాడు జార్జి కాప్లన్ అనే వ్యక్తి కోసం పేరెత్తి పిలుస్తున్నాడు. దూరాన్నుంచి కనిపెడుతున్న ఇద్దరు దుండగులు "ఇతనే కాప్లన్" అని తీర్మానించుకుని, తుపాకి చూపించి అతన్ని కారెక్కిస్తారు.

ఆ తరవాత అతను ఎంత మొత్తుకున్నా నమ్మేవాడు లేడు. అతన్ని పట్టుకున్న వాండామ్ నమ్మడు. పోలీసులు నమ్మరు. కన్నతల్లే నమ్మదు. తన్ను బంధించిన ఇల్లు టౌన్సెండ్ అనే ఆయనదని తెలిసి, ఆయన్ను కలుసుకోవడానికి ఐక్యరాజ్య సమితి భవనానికి పోతే, అక్కడ తేలుతుంది, టౌన్సెండ్ వేరు, ఆ ఇంట్లో ఆయన పేరు పెట్టుకుని కూర్చున్నవాడు వేరు అని. మాట్లాడుతూండగానే ఆ అసలు టౌన్సెండ్ వీపులో కత్తి దిగుతుంది. కత్తి పట్టుకున్న థార్న్‌హిల్‌కు ఫోటో తీస్తారు. తెల్లారేసరికి అతను దేశమంతా ఎరిగిన హంతకుడు.

సరిగ్గా ఇక్కడ హిచ్‌కాక్ మనను వాషింగ్టన్‌లో ఒక బల్ల దగ్గరికి తీసుకుపోతాడు. బల్ల చుట్టూ కూర్చున్నవారు అమెరికా గూఢచారి శాఖ అధికారులు. వారి సంభాషణలో రహస్యం బయట పడుతుంది. జార్జి కాప్లన్ అనేవాడు అసలు లేడు! వాండామ్ పక్కన తాము పెట్టుకున్న నిజమైన ఏజెంటు మీదికి అనుమానం పోకుండా, శాఖవారు లేని మనిషినొకణ్ణి సృష్టించారు. వాడి పేర ఊరూరా హోటలు గదులు తీసుకున్నారు, ఆ గదుల్లో వాడి బట్టలు తగిలించారు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వాడి సామాను మార్చారు. ఇప్పుడు ఆ ఖాళీ కోటులోకి ప్రాణమున్న మనిషి ఒకడు వచ్చి పడ్డాడు. ఏం చెయ్యాలి? "ప్రొఫెసర్" అని అందరూ పిలిచే పెద్దాయన ప్రశాంతంగా తేల్చేస్తాడు: ఏమీ చెయ్యనక్కర్లేదు. శత్రువులు ఇతన్నే కాప్లన్ అనుకుంటున్నంత కాలం మన ఏజెంటు క్షేమం. ఇతను పొరపాటున దొరికాడని చెబితే మన రహస్యం పోతుంది. అక్కడున్నవారిలో ఒకరు, సంగతి ఇంత విచారకరంగా ఉంటే తనకు నవ్వెందుకు వస్తున్నదో తెలియడం లేదంటారు. ఒకావిడ, ఎక్కడున్నాడో తెలియని థార్న్‌హిల్‌కు కూర్చున్న చోటునుంచే వీడ్కోలు చెబుతుంది. సమావేశం ముగుస్తుంది.

నూటముప్పయ్యారు నిమిషాల చిత్రంలో ఇంత చల్లగా, ఇంత భయంకరంగా ఉన్న దృశ్యం మరొకటి లేదు. ఇందులో ఎవరూ గొంతు పెంచరు. కత్తీ తుపాకీ కనబడవు. ఒక మనిషి చావును కొందరు మర్యాదస్తులు ఆఫీసు పనిగా పరిష్కరిస్తారు.

2

మనిషిని చూసి మనిషనుకోవడం కథల్లో కొత్త కాదు. ఇంద్రుడు గౌతముడి రూపంలో అహల్య దగ్గరికి పోయాడు. సూరన "కళాపూర్ణోదయం"లో మణికంధరుడు నలకూబరుడి రూపమూ, కలభాషిణి రంభ రూపమూ ధరించి కథను ఎన్ని మలుపులు తిప్పారో బి.ఏ. విద్యార్థులకు కూడా తెలుసు. కవలల వల్ల వచ్చే తికమక మీద షేక్‌స్పియర్ రాసిన "కామెడీ ఆఫ్ ఎర్రర్స్"ను వీరేశలింగంగారు "చమత్కార రత్నావళి"గా తెలుగు చేశారు. ఈ కథలన్నిటిలోనూ పొరపాటుకు ఆధారం పోలిక. ఒక ముఖం ఇంకొక ముఖంలా ఉంటుంది, అందుచేత జనం మోసపోతారు. పోలిక పోగానే పొరపాటూ పోతుంది. అసలువాడూ నకిలీవాడూ ఒకే చోట నిలబడితే చిక్కు దానంతట అదే విడిపోతుంది.

హిచ్‌కాక్ కథలో పోలిక ప్రసక్తే లేదు. కాప్లన్‌కు ముఖమే లేదు కనక థార్న్‌హిల్ అతనిలా ఉండడానికీ ఉండకపోవడానికీ వీల్లేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడదామంటే రెండోవాడు లేడు. ఈ పొరపాటును సరిదిద్దే మార్గం కథ లోపల ఎక్కడా లేదు. థార్న్‌హిల్ ప్లాజా హోటల్లో కాప్లన్ గదిలో జొరబడిన సన్నివేశం చూడండి. గది పనిమనిషి అతన్ని "కాప్లన్‌గారూ" అంటుంది. ఎందుకలా అంటున్నావని అడిగితే, ఆ గదిలో ఉన్నారు కనక మీరే కాప్లన్‌గారు అని ఆమె తాత్పర్యం. ఆమె అంతకు ముందు కాప్లన్‌ను చూసి ఎరగదు. బట్టలు ఇస్త్రీకి తీసుకుపోయేవాడూ ఎరగడు. తొడుక్కుని చూస్తే కోటు పొట్టిగా ఉంటుంది. బ్రష్షులో చుండ్రు కూడా ఉంటుంది. తలే లేనివాడికి చుండ్రు! ప్రేక్షకులు నవ్వుతారు. కాని ఆలోచిస్తే ఇది నవ్వులాట కాదు. పాత కథల్లో మనిషిని అతని ముఖాన్నిబట్టి పోల్చుకునేవారు. ఈ కథలో గది నంబరునుబట్టి, రిజిస్టరులోని సంతకాన్నిబట్టి, పత్రికలో పడ్డ బొమ్మనుబట్టి పోల్చుకుంటారు. కాగితం మీద ఉన్న మనిషే నిజం. మాంసమూ నెత్తురూ ఉన్న మనిషి ఆ కాగితానికి సరిపోకపోతే తప్పు మనిషిదే గాని కాగితానిది కాదు.

ఈ చిత్రం ఏ దేశంలో, ఏ రోజుల్లో తయారైందో గుర్తుచేసుకోవాలి. 1947లో అమెరికన్ కాంగ్రెసు విచారణ సంఘం హాలీవుడ్ రచయితలనూ దర్శకులనూ పిలిచి, మీరు కమ్యూనిస్టులా, అవునా కాదా అని నిలదీసింది. జవాబు చెప్పని పదిమంది జైలుకు పోయారు. వందలమంది పేర్లు నల్లజాబితా కెక్కాయి. డాల్టన్ ట్రంబో అంతటి రచయిత 1960 దాకా సొంత పేరు తెరమీద వేసుకోలేక, మారుపేర్లతో రాసి పొట్టపోసుకున్నాడు. పేరు ఒకచోట, మనిషి ఒకచోట బతికిన రోజులవి. "నేను ఫలానావాణ్ణి కాను" అని రుజువు చేసుకోవడం ఎవరికైనా సాధ్యమా? ఉన్నదాన్ని చూపించగలం గాని లేనిదాన్ని ఎలా చూపిస్తాం? హిచ్‌కాక్ ఆ ఉద్దేశంతో తీశాడని నేననడం లేదు. అతనికి రాజకీయాల మీద అంత ఆసక్తి ఉన్నట్టు కనపడదు. వాండామ్ ఏ దేశానికి రహస్యాలు అమ్ముతున్నాడో కూడా చిత్రంలో చెప్పరు. కాని గాలిలో ఉన్న భయాన్ని పీల్చకుండా ఏ కళాకారుడూ బతకలేడు. ఆ భయానికి అతను హాస్యపు వేషం వేశాడు.

నల్లజాబితా పోయినా ఫైళ్లు పోలేదు, పెరిగాయి. ఇవాళ మనిషికి ఎన్ని నంబర్లున్నాయో మనిషికే తెలియదు. ఏదో ఒక జాబితాలో ఏదో ఒక పొరపాటువల్ల తన పేరు ఇంకొకరి పాపానికి అతుక్కుంటుందేమోననే శంక ఈనాటి మధ్యతరగతి మనిషికి లోలోపల ఉంది. మన ఆలంకారికులు సాధారణీకరణం అన్నది ఇక్కడ జరుగుతుంది. న్యూయార్కు పెద్దమనిషి కష్టం సామాజికుడి సొంత కష్టమవుతుంది. ఎక్కువమందికి గుర్తుండిపోయిన విమాన దృశ్యం సంగతే తీసుకోండి. పట్టపగలు, చెట్టూ పుట్టా లేని బయలు, నడిమధ్యన సూటుబూట్లతో ఒక్క మనిషి. చాలాసేపు ఏమీ జరగదు. సంగీతం కూడా ఉండదు. తరవాత పొలాల మీద మందు చల్లే విమానం తిన్నగా అతని మీదికే దిగివస్తుంది. చీకటి సందులో ఎదురయ్యే హంతకుడికంటే ఇది ఎందుకెక్కువ భయపెడుతుంది? చీకటైతే దాక్కోవచ్చు. ఇక్కడ దాక్కునే చోటు లేదు, అరిస్తే వినేవాడు లేడు, చంపేవాడి ముఖం కనపడదు. వ్యవస్థ ముందు ఒంటరి మనిషి నిలబడడం అంటే ఇదే. ప్రేక్షకుడికి ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు; అతని ఒంటికి తెలుస్తుంది.

3

ఇక ప్రొఫెసర్ సంగతి. ఈ చిత్రం గురించి మా విద్యార్థులతో చర్చ వచ్చినప్పుడు, చదువుకున్నవాడూ చురుకైనవాడూ అయిన ఒక కుర్రవాడు అడిగాడు: "ప్రొఫెసర్ చేసిన తప్పేమిటండీ? ఒక మనిషి పోతే వేలమంది బతుకుతారనుకుంటే, లెక్క సరిపోయింది గదా!" అతను వామపక్ష విద్యార్థి సంఘంలో పనిచేస్తున్నవాడు. స్వార్థపరుడు కాడు. తన ప్రాణమైనా ఇవ్వగలడని నేను నమ్ముతాను. అందుకే ఆ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యలేకపోయాను.

అతని వాదంలో బలం లేకపోలేదు. ఈ కథకు బీజం ఇచ్చినవాడు ఓటిస్ గెర్న్‌సీ అనే పత్రికా రచయిత, దాన్ని స్క్రిప్టుగా పెంచినవాడు ఎర్నెస్ట్ లేమన్. కాని లేని మనిషిని సృష్టించి శత్రువును మోసగించడం రెండో ప్రపంచ యుద్ధంలో నిజంగా జరిగిన పని. 1943లో మిత్రరాజ్యాలు సిసిలీ మీద దాడికి సిద్ధమవుతూ, దాడి గ్రీసు మీద అని జర్మన్లను నమ్మించదలచాయి. బ్రిటిష్ గూఢచారి శాఖ మేజర్ విలియం మార్టిన్ అనే లేని అధికారిని కల్పించింది. అతనికి గుర్తింపు కార్డు, ప్రియురాలి ఉత్తరాలు, ఆమె ఫోటో అన్నీ తయారు చేసింది. వాటిని ఒక శవానికి తొడిగి, దొంగ పత్రాల పెట్టెతో స్పెయిన్ తీరాన సముద్రంలో వదిలింది. జర్మన్లు నమ్మారు. ఎందరో సైనికులు బతికారు. అది ఫాసిజం మీద జరిగిన యుద్ధం. ఆ ఎత్తు వేసినవారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

అయినా ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఆ శవం గ్లిండుర్ మైకేల్ అనే వేల్స్ దేశపు పేదవాడిది. ఇల్లూ వాకిలీ లేక, లండన్‌లో ఎలుకల మందు తిని చనిపోయినవాడు. స్పెయిన్‌లోని వెల్వా ఊరి శ్మశానంలో అతను యాభై ఏళ్లకు పైగా మేజర్ మార్టిన్ పేరు కిందనే పడుకున్నాడు. 1998లో గాని ఆ రాతి మీద అతని సొంత పేరు చెక్కలేదు. ప్రభువుల బిడ్డ శవాన్నయితే ఇలా వాడుకునేవారా అని అడగడం అసందర్భం కాదనుకుంటాను. బతికినన్నాళ్లూ ఏ రిజిస్టరుకూ అక్కర్లేని మనిషి, చచ్చాక ఇంకొకరి పేరు మొయ్యడానికి పనికొచ్చాడు.

శవం విషయంలోనే మనసు ఇంత పీకుతుంటే, బతికున్న మనిషి మాటేమిటి? దానికీ ఉదాహరణ ఉంది, కథల్లో కాదు, మన కాలంలోనే. ఖాలిద్ ఎల్ మస్రీ అనే జర్మన్ పౌరుణ్ణి 2003 డిసెంబరు 31న మాసిడోనియా సరిహద్దులో ఆపారు. అతని పేరూ, వెతుకుతున్న ఇంకొకడి పేరూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇరవైమూడు రోజులు ఒక హోటలు గదిలో నిర్బంధించి, ఆ తరవాత అమెరికన్ గూఢచారి సంస్థ సి.ఐ.ఏ.కు అప్పజెప్పారు. వాళ్లు అతన్ని అఫ్ఘానిస్తాన్‌కు తీసుకుపోయి చెరలో పెట్టారు. పట్టుకున్నది వేరే మనిషినని తెలిసిన తరవాత కూడా వెంటనే వదల్లేదు. 2004 మే నెలలో అల్బేనియాలో ఒక రోడ్డు పక్కన దించి పొమ్మన్నారు. అతని కేసు విచారించడానికి 2007లో అమెరికన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అంతకు ముందు కింది కోర్టులు చెప్పిన కారణం రాజ్య రహస్యాలు. 2012 డిసెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అతనిది నిజమని తీర్పిచ్చి, మాసిడోనియా అరవైవేల యూరోలు చెల్లించాలన్నది. ఈ ఉదంతం విన్నవాడు హిచ్‌కాక్ చిత్రంలోని ఆ వాషింగ్టన్ బల్లను మళ్లీ చూస్తే నవ్వలేడు. తప్పు తెలిసింది. తెలిసినవారు కొంతకాలం మాట్లాడలేదు. ఆ కొంతకాలం ఒక మనిషి బతుకు.

ఇంతవరకూ మన పాఠకులకు అభ్యంతరం ఉండదు. సామ్రాజ్యవాదుల క్రూరత్వం మనకు కొత్త గాదు. ఇక చెప్పబోయేది కొందరికి కష్టంగా ఉండవచ్చు. ప్రొఫెసర్ లెక్క అమెరికన్ల సొంత ఆస్తి కాదు. లాస్లో రాయిక్ హంగరీ కమ్యూనిస్టు నాయకుడు. స్పెయిన్‌లో ఫ్రాంకో మీద తుపాకి పట్టినవాడు. స్వదేశంలో హోంమంత్రి, తరవాత విదేశాంగమంత్రి అయ్యాడు. 1949లో అతన్ని అరెస్టు చేసి, టిటోకూ పాశ్చాత్య ప్రభుత్వాలకూ గూఢచారి అన్నారు. బహిరంగ విచారణలో అతను ఆ ఆరోపణలన్నీ ఒప్పుకున్నాడు. ఆ అక్టోబరులోనే ఉరితీశారు. 1956లో అదే ప్రభుత్వం అతను నిర్దోషి అని ప్రకటించి, అక్టోబరు 6న బుడాపెస్టులో లాంఛనాలతో మళ్లీ ఖననం చేసింది. వేలాది జనం వెంట నడిచారు. అమెరికన్ ప్రొఫెసర్ లేని మనిషిని గూఢచారిగా సృష్టించాడు. బుడాపెస్టులో ఉన్న మనిషి మీదనే లేని గూఢచారిని సృష్టించారు. రాయిక్ హోంమంత్రిగా ఉండగా ఆ పోలీసు యంత్రాన్ని పెంచిన చేతుల్లో అతనివీ ఉన్నాయనే సంగతి అతని విషాదాన్ని తగ్గించదు, పెంచుతుంది. అలాంటి యంత్రం తన్ను తిప్పే చేతిని కూడా గుర్తుపట్టదు.

లక్ష్యాలు వేరు గదా, రెంటినీ ఒక తక్కెడలో ఎలా వేస్తావని కొందరు మిత్రులు అడుగుతారు. లక్ష్యాలు వేరే. లాభాల కోసం మనుషుల్ని నలిపే వ్యవస్థకూ, ఆ నలుగుడు మాన్పించడానికి పుట్టిన ఉద్యమానికీ ఉన్న తేడా నాకు తెలుసు. తెలుసు గనకనే అడుగుతున్నాను. "ఇందరి కోసం ఇతను పోతే పోనీ" అని ఒకడు చెప్పగలడంటే, ఆ ఒకడు అందరి తరఫునా లెక్క కట్టే అధికారం తన చేతిలోకి తీసుకున్నాడన్నమాట. అలాంటి అధికారం ఎవరి చేతిలోనూ ఉండకూడదనే గదా మన ఉద్యమం పుట్టింది?

4

మా విద్యార్థికి నేనిచ్చిన జవాబు వ్యాకరణంలోంచి తీసుకున్నది. తెలుగు పంతులు ఇంకెక్కడికి పోతాడు! త్యాగం, బలి అనే రెండు మాటలను మనం తరచు కలిపి వాడుతుంటాం. వాక్యంలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. "అతను ప్రాణత్యాగం చేశాడు" అన్నప్పుడు అతను కర్త. "అతన్ని బలి ఇచ్చారు" అన్నప్పుడు అతను కర్మ. కర్తలు వేరే ఉన్నారు. పోయిన ప్రాణం రెండుచోట్లా ఒకటే. ధర్మం మాత్రం ఒకటి కాదు. తన ప్రాణాన్ని లెక్కలో వేసే హక్కు తనకుంది. ఇంకొకడి ప్రాణాన్ని ఆ ఇంకొకడికి చెప్పకుండా లెక్కలో వేస్తే, అక్కడ ఉన్నది ఆశయం కాదు, దొంగతనం.

విశేషమేమంటే ఈ చిత్రం రెండో సగమంతా ఈ తేడా మీదనే నడుస్తుంది. మొదటి సగంలో కాప్లన్ అనే పేరు థార్న్‌హిల్ నెత్తిన పడ్డ రాయి. దాన్ని వదిలించుకోవడానికి దేశమంతా పరుగెత్తుతాడు. తరవాత ప్రొఫెసర్ విమానాశ్రయంలో అతనికి నిజం చెబుతాడు. ఆ వివరణలో కొంత విమానం హోరులో మనకు వినపడదు. తన్ను రైల్లో కాపాడి, ఆ వెంటనే చావుకు పంపిన ఈవ్ కెండాల్ అనే యువతే ప్రభుత్వపు నిజమైన ఏజెంటనీ, తన చేష్టలవల్ల ఇప్పుడు ఆమె ప్రాణానికి ముప్పు వచ్చిందనీ తెలుసుకుంటాడు. అప్పుడు, ఏ పేరు తనది కాదని గొంతు చించుకున్నాడో ఆ పేరునే ఇష్టపూర్వకంగా ధరిస్తాడు. వాండామ్ ఎదుట కాప్లన్‌గా నిలబడి, ఈవ్ చేతి ఉత్తుత్తి తూటాలకు కూలిపోయినట్టు నటిస్తాడు. పేరు అదే. అపాయం అదే. కాని మొదట అతను కర్మ, ఇప్పుడు కర్త. తన పేరు మధ్యలో ఉన్న "ఓ" అనే అక్షరానికి అర్థమేమీ లేదని రైల్లో ఈవ్‌తో చెప్పుకున్న డొల్ల మనిషి, లేనివాడి పాత్రను కోరి ధరించిన క్షణాన మొదటిసారి మనిషవుతాడు.

ఆ వెంటనే కథ ఇంకొక మెట్టు ఎక్కుతుంది. నాటకం ముగిశాక ఈవ్‌కు విముక్తి అనుకున్న థార్న్‌హిల్‌కు, ఆమె ఆ రాత్రే వాండామ్‌తో విమానమెక్కి దేశం దాటాలని ప్రొఫెసర్ చల్లగా చెబుతాడు. యుద్ధం నరకమేనంటాడు, ప్రచ్ఛన్న యుద్ధమైనా సరే. థార్న్‌హిల్ మండిపడతాడు. ఆడపిల్లల్ని శత్రువుల పక్కల్లోకి పంపి, వాళ్లు తిరిగి వస్తారో రారో కూడా పట్టకుండా గెలిస్తే తప్ప గెలవలేమంటే, అలాంటి యుద్ధాలు కొన్ని ఓడిపోవడం నేర్చుకోండని అతని మాటల సారాంశం. ఆ మాటకు ప్రొఫెసర్ దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబల్లా పక్కనున్న ప్రభుత్వోద్యోగి పిడికిలి. ఒక్క గుద్దుతో థార్న్‌హిల్‌ను పడగొట్టి, ఆస్పత్రి గదిలో పెట్టి తాళం వేస్తారు. అతను కిటికీలోంచి దూకి ఈవ్ కోసం పోతాడు. 1959లో, అమెరికన్ వినోద చిత్రంలో, కథానాయకుడు తన దేశం గెలుపుకంటే ఒక మనిషి ప్రాణం మిన్న అన్నాడు. కోట్లమంది చప్పట్లు కొట్టారు. ఈ చిత్రం ఇంకా బతికి ఉండడానికి ఆ మాట ముఖ్య కారణమని నేననుకుంటాను. ప్రేక్షకులు విమానాన్నీ కొండనూ గుర్తుపెట్టుకుంటారు. కాని వాటి మధ్య వారి గుండెను పట్టుకున్నది ఆ నిరాకరణ.

5

ఇంత మెచ్చుకున్నాక, చిత్రం ఎక్కడ తప్పించుకుంటుందో చెప్పకపోతే విమర్శకాదు. చివరి పోరాటం రష్‌మోర్ కొండ మీద. నలుగురు అమెరికన్ అధ్యక్షుల ముఖాలు చెక్కిన ఆ కొండ ముఖాల మీదుగా నాయికా నాయకులు ప్రాణాలు అరచేత పెట్టుకుని దిగుతారు. ఆ కొండలు 1868 ఒప్పందం ప్రకారం లకోటా స్యూ ప్రజలవి. 1877లో ప్రభుత్వం లాక్కుంది. ఆ రాతిని 1927 నుంచి 1941 దాకా చెక్కి, ఇది ప్రజాస్వామ్యానికి గుడి అన్నారు. 1980లో ఆ దేశపు సుప్రీంకోర్టే అది తీసుకున్న భూమి అనీ, నష్టపరిహారం ఇవ్వవలసిందేననీ తీర్పు చెప్పింది. భూమి కావాలి గాని డబ్బు అక్కర్లేదని స్యూ ప్రజలు పుచ్చుకోలేదు. ఇంకొకరి పేరు తగిలించిన మనిషి కథకు, ఇంకొకరి ముఖాలు తగిలించిన కొండ మీద ముగింపు! హిచ్‌కాక్ ఇది తలచి ఉండడు. మనం తలుచుకోకుండా ఉండలేం.

రెండోది, నాయకుడి వర్గం. మూడేళ్ల ముందు, 1956లో, హిచ్‌కాకే "ది రాంగ్ మాన్" అనే చిత్రం తీశాడు. నిజంగా జరిగిన కథ. క్లబ్బులో వాద్యం వాయించి బతికే బలెస్ట్రెరో అనేవాడు, భార్య పళ్ల వైద్యానికి అప్పు కోసం ఇన్సూరెన్సు ఆఫీసుకు పోతే, అంతకు ముందు అక్కడ దోచుకున్నవాడు ఇతనేనని గుమాస్తాలు పోలీసులకు చెప్పారు. 1953లో అరెస్టయ్యాడు. అసలు దొంగ దొరికి ఇతను బయటపడేసరికి భార్యకు మతి చలించింది. అందులో చమత్కారం లేదు, పరుగులు లేవు, కొండలు లేవు. పేదవాడి మీద పొరపాటు పడితే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చూపించాడు. ఆ చిత్రాన్ని జనం అంతగా ఆదరించలేదు. థార్న్‌హిల్‌కు మంచి సూటుంది, జేబులో డబ్బుంది, పెద్దవాళ్లతో మాట్లాడే నోరుంది. పొరపాటు అతనికి సాహసమైంది. బలెస్ట్రెరోకు అదే పొరపాటు పిచ్చాసుపత్రి ఖర్చయింది. మనం ఏ కథను మళ్లీ మళ్లీ చూస్తామో, ఏ కథనుంచి ముఖం తిప్పుకుంటామో అది కూడా ఒక సాక్ష్యం, మనకు వ్యతిరేకంగా.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. చిత్రం ముగిసేసరికి థార్న్‌హిల్, ఈవ్ పెళ్లి చేసుకుని రైల్లో నవ్వుకుంటూ పోతారు. ప్రొఫెసర్‌కు శిక్ష లేదు. పైగా, నాయకుడి చెయ్యి తొక్కుతున్న దుర్మార్గుణ్ణి కాల్చింది అతను పురమాయించిన తుపాకే. ప్రేక్షకుడు తృప్తిగా లేస్తాడు. టౌన్సెండ్ ఏమయ్యాడు? ఐక్యరాజ్య సమితిలో తన పని తాను చేసుకుంటూ, భార్య పోయి ఒంటరిగా బతుకుతున్న మనిషి. ఇంటిని ఎవరో వాడుకున్నారు, పేరు ఎవరో వాడుకున్నారు, ఎందుకో తెలియకుండానే చచ్చిపోయాడు. అతని కోసం తరవాతి గంటన్నరలో ఒక్కరూ ఒక్క నిట్టూర్పు విడవరు. చిత్రంలోని అసలైన నిర్దోషి అతను. ప్రొఫెసర్ అతన్ని మరిచిపోయాడు సరే, మనమూ మరిచిపోయాం. ఆ వాషింగ్టన్ బల్ల దగ్గర మనక్కూడా ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

మా విద్యార్థి మళ్లీ వచ్చి, "అయితే లెక్కే వద్దంటారా?" అని అడిగాడు. వద్దనలేదు. ఉద్యమాలకూ ప్రభుత్వాలకూ లెక్కలు తప్పవు. అపాయంలో దిగేవారు తప్పరు. నేను కోరినవి రెండు. దిగేవాడు తెలిసి దిగాలి. పొరపాటున దిగినవాడు ఉంటే, ఆ పొరపాటు తెలిసినవాడు, తనకూ తన పక్షానికీ నష్టమైనా సరే, నోరు విప్పాలి. అతను పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను. కాని అసలు ఆ టౌన్సెండ్ సంగతి తనకు తట్టనే లేదన్నాడు. నాకు తృప్తి కలిగించింది ఆ ఒక్క మాట. మన విద్యార్థులు ఈ చిత్రం చూడాలి, నవ్వాలి కూడా. నవ్వాక, లెక్కలో ఎక్కని మనిషి ఎవరో వెతకాలి. ఏ కథలోనైనా, ఏ ఉద్యమంలోనైనా అభ్యుదయవాది మొదటి పని అదేనని నా నమ్మకం.